పట్టు తప్పిన పాదము

నేను ముప్పదియైదు సంవత్సరములు ఉపాధ్యాయ వృత్తిలో గడపితిని. అందు చాలకాలము మా పల్లెనుండి పాఠశాలకు పోను ఎనిమిది, రాను ఎనిమిది కిలోమీటర్లు సైకిలు మీదనే ప్రయాణము చేసెడివాడను. గొలుసు ఊడినచో పుల్లతో ఎక్కించుకొంటిని. గాలి పోయినచో నడిపించుకొని పోయితిని. సైకిలును గూర్చి నేను నేర్వదగినది ఇంకేమియు లేదని నమ్మియుంటిని. ఉద్యోగ విరమణానంతరము ఆ నమ్మకము ఎట్లు చెదరినదో చెప్పెదను.

విశాఖపట్టణములో మా పెద్దవాని యింట నివసించుచుండగా, వాడు నాకొక గేర్ల సైకిలును, దానికి తగిన బూట్లను కొని తెచ్చెను. ఆ పెడళ్లు విచిత్రమైనవి. బూటు అడుగున క్లీటు అను చిన్న ఉక్కుముక్క రెండు మరలతో బిగింపబడి యుండును. పెడలునకు ముందువైపున ఒక కొక్కెమును, వెనుకవైపున స్ప్రింగు బలముతో మూసికొను దవడయు కలవు. క్లీటు కొనను కొక్కెములో జొనిపి పాదమును అదుమగానే దవడ తెఱచుకొని, మరల మూసికొనును. అప్పుడు ‘టక్’ మను చప్పుడు వినబడును. ఇక పాదము పెడలును విడువదు. విడిపించుకొనవలెనన్న మడమను వెలుపలికి త్రిప్పవలెను.

వీనికి క్లిప్‌లెస్ పెడళ్లని పేరు. క్లిప్పు లేనివని దాని యర్థము. పాదమును ఇంత గట్టిగా పట్టుకొనుదానికి ఈ పేరేమని పండితుడనైన నాకు సందేహము కలిగినది. విచారింపగా దాని చరిత్ర తెలిసినది. పూర్వము పందెగాండ్రు పాదము జారకుండుటకై పెడలునకు ముందు ఒక లోహపు చట్రము నమర్చి, తోలుపట్టీతో బిగించుకొనెడివారు. ఆ చట్రమునకే టో క్లిప్పని పేరు. చేతితో పట్టీని వదులు చేసిననే కాని పాదము సులువుగా వెలుపలికి రాదు. మంచుపై జారు స్కీ ఆటగాండ్ర బూట్లను పట్టియుంచు బంధములను చేయు లుక్ అను ఫ్రెంచి సంస్థ, ఆ సూత్రమునే సైకిలునకు అన్వయించి 1984లో ఒక పెడలును వెలువరించినది. 1985లో బెర్నార్డ్ ఈనో అట్టి పెడళ్లతోనే టూర్ డి ఫ్రాన్స్ పందెమును గెలిచెను. 1990లో జపాను దేశపు షిమానో సంస్థ, బూటు అడుగున ఇమిడిపోవు చిన్న క్లీటు గల పద్ధతిని తెచ్చినది. దానితో ఆ బూట్లు వేసికొని నడచుటయు సులభమైనది. పాత క్లిప్పు లేనిది కనుక ఇది క్లిప్‌లెస్. పేరు రూఢియైనది, అర్థమును వెదకుట మన పని.

రెండు వారములలో నాకు ఆ పెడళ్లు అలవడినవి. ప్రతి ఉదయము భీమునిపట్టణము పోవు సముద్రతీరపు రహదారిలో కొంత దూరము పోయి, ఇసుకలో కాసేపు నడచి, తిరిగి వచ్చుచుంటిని. ఇట్లు ఏడాదికి పైగా గడచినది. ఒకనాడు ఋషికొండ సమీపమున మిట్ట ఎక్కుచు, పీఠము నుండి లేచి నిలువబడి త్రొక్కుచుంటిని. ఎడమ పాదమును పైకి లాగునప్పుడు అది హఠాత్తుగా పెడలు నుండి ఊడిపోయినది. పెడలు గిఱ్ఱున తిరిగి నా ముంజంఘను కొట్టినది. సైకిలు కుడివైపునకు తూలినది. వెనుకనుండి వచ్చుచున్న బస్సు పెద్ద కూతతో, నా మోచేతికి జానెడు దూరములో దాటిపోయినది. నేను ప్రక్కకు దిగి, ఒక రాతిపై కూర్చుండి, చేతుల వణకు తగ్గువఱకు సముద్రమును చూచుచుంటిని.

ఇంటికి వచ్చి ఏమి చేసితిని? స్ప్రింగు బిగువును హెచ్చించుటకు పెడలునకు ఒక చిన్న మర కలదని నాకు తెలియును. “పట్టు చాలకున్నది, బిగింపవలెను” అని నిశ్చయించుకొని, రెండు పెడళ్ల మరలను తిరిగినంతవఱకు త్రిప్పి బిగించితిని. ఎవరి నడుగలేదు, దేనిని పరీక్షింపలేదు.

మఱునాడు ఎడమ పాదము మరల ఒకసారి ఊడినది. అయినను దానికంటె విపరీతము మూడవనాడు జరిగినది. కూడలిలో ఎఱ్ఱదీపము చూచి ఆగబోయి, ఎడమ మడమను త్రిప్పితిని. అది రాలేదు. మరల త్రిప్పితిని. అప్పటికే సైకిలు నిలిచిపోయినది. నేను నఱకిన తాటిచెట్టు వలె ప్రక్కకు ఒఱగితిని. దయగల వారిద్దరు వచ్చి నా బూటు విప్పి నన్ను లేపిరి. మోచేయి చీఱుకొనిపోయినది. వలదన్నప్పుడు విడిచి, వలెనన్నప్పుడు విడువని ఆ పెడలుపై నాకు పట్టరాని కోపము వచ్చినది.

ఆ సాయంకాలము సైకిలును మరమ్మతు దుకాణమునకు నడిపించుకొని పోయితిని. అందున్న యువకుడు నా కథ నంతయు విని, పెడలును తాకనైన లేదు.

“మాస్టారూ, ఒక్కసారి బూట్లు విప్పి ఇస్తారా?” అని అడిగెను.

“నాయనా, చెడినది బూటు కాదు, పెడలు” అంటిని.

“కావచ్చునండీ. చూస్తే గాని తెలియదు” అని, బూట్లను తిరుగవేసి వెలుతురులో పట్టెను. మొదట మరలను పరీక్షించెను. అవి వదులైనచో బూటు తిరుగునే గాని క్లీటు తిరుగదనియు, అప్పుడు పాదము చిక్కుకొనిపోవుననియు చెప్పెను. అవి గట్టిగానే యుండెను. తరువాత బూటు అడుగున ఉన్న రబ్బరు గుబ్బలు పెడలునకు తగిలి, క్లీటును పూర్తిగా దిగనీయకున్నవేమో యని చూచెను. అదియు లేదు. పెడలు దవడల సందున గట్టిపడిన ఇసుకను సన్నని పుల్లతో తీసి నాకు చూపించెను. చిటికెడు ఇసుకయే, కాని దవడ పూర్తిగా మూసికొనకుండుటకు అది చాలును.

“ఊడిపోతున్నది ఎప్పుడూ ఎడమ కాలేనా, మాస్టారూ?”

“ఎప్పుడును ఎడమయే.”

అతడు రెండు బూట్ల క్లీట్లను విప్పి, ఎడమదానిని కుడి బూటునకు, కుడిదానిని ఎడమ బూటునకు బిగించి, నన్ను గోడ పట్టుకొని సైకిలుపై కూర్చుండుమనెను. పాదమును పైకి లాగి చూడగా, ఇప్పుడు కుడి పాదము ఊడినది! ఎడమది నిలిచినది. దోషము క్లీటుతో కూడ కుడి కాలికి పోయినది. కావున దోషము పెడలుది కాదు, క్లీటుది.

రెండు క్లీట్లను అతడు నా అరచేతిలో పెట్టెను. ఒకదాని అంచు పదునుగా నున్నది. రెండవదాని అంచు అరిగి గుండ్రమైనది. ఎడమదే ఏల అరిగినది? మన దేశములో రహదారికి ఎడమవైపున పోవుదుము. ఆగినప్పుడెల్ల ఎడమ పాదమునే దించుదుము. ఏడాదికి పైగా ప్రతి ఆగుటలోను ఆ ఉక్కుముక్క రాతిపై ఒరసికొనుచు వచ్చినది. అరిగిన క్లీటు ఒక్కొక్కప్పుడు సులువుగా ఊడుననియు, ఒక్కొక్కప్పుడు విడిపించుటకే కష్టమగుననియు ఆ యువకుడు చెప్పెను. నేను బిగించిన మర అరుగుదలను మాన్పలేదు. చిక్కును మాత్రము హెచ్చించినది.

అతడు రెండు బూట్లకును క్రొత్త క్లీట్లు వేసెను. నేను బిగించిన మరల నన్నిటిని పూర్తిగా వదులు చేసి, పిమ్మట ఒక్కొక్క ‘టిక్’ చొప్పున, అన్నిటిని సమానముగా బిగించెను. “రోడ్డెక్కే ముందు గోడ పట్టుకొని పదిసార్లు పెట్టి, పదిసార్లు తీసి చూడండి” అని హెచ్చరించెను. అట్లే చేసితిని. నాటినుండి నా పాదము ఊడలేదు, చిక్కుకొననులేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్నప్పుడు ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడుండెను. ప్రతిదినము చివరి గంట పాఠమునకు ముందే చెప్పకుండ వెడలిపోయెడివాడు. నేను మొదట వానిని మందలించితిని. తరువాత తరగతి ముందు నిలువబెట్టితిని. తుదకు, ఇంకొకసారి పోయినచో పేరు కొట్టివేయుదునని అందఱి యెదుట చెప్పితిని. మఱునాటినుండి వాడు పాఠశాలకే రాలేదు. వాని యూరికి పోవు కడపటి బస్సు మా బడి గంటకు ముందే పోవుననియు, అది తప్పినచో వాడు చీకటిలో ఒంటరిగా ఏడు కిలోమీటర్లు నడువవలెననియు కొన్ని వారముల పిదప తోడి బాలుని వలన తెలిసినది. నేను వాని యింటికి పోయితిని. తలుపునకు తాళము వేసియున్నది. ఆ కుటుంబము ఇటుకబట్టీల పనికై దూరదేశము పోయినదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. వానిని మరల నేను చూడలేదు.

“ఏల పోవుచున్నావు, నాయనా?” అని అడుగుటకు నాకు అరనిమిషము చాలియుండెడిది. నేను అడుగలేదు, మరను బిగించితిని.

బాలలారా, మీలో పెక్కుమంది సైకిళ్లపై బడికి వచ్చువారు. మీ సైకిలు గొలుసు ఊడినను, బ్రేకు పట్టకున్నను, వెంటనే పానా పట్టి బిగింపకుడు. దిగి, తిరుగవేసి, వెలుతురులో చూడుడు. ఏది అరిగినదో, ఏది అడ్డుపడినదో కనుగొనుడు. మీ తోడివాడెవడైన జారిపోవుచున్నప్పుడును ముందుగా చేయవలసినది అదియే. ఆ అరిగిన క్లీటును నేను పాఱవేయలేదు. నా వ్రాతబల్లపై ఉంచుకొంటిని.