పూల్ ఎందుకు ఎండిపోతుంది?

ఏలూరు వైపు వాళ్లకి కొల్లేరు సరస్సు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు తెచ్చి పోసే నీళ్లు సముద్రానికి చేరాలంటే ఉప్పుటేరే దారి. వాన ఎంత పడిందన్నది ఒక ఎత్తు, ఉప్పుటేరు ఎంత లాగుతోందన్నది ఒక ఎత్తు. పెద్ద కంపెనీల సర్వర్ అప్లికేషన్లు కట్టే పనిలో కొత్తగా చేరిన పిల్లలకి నేను కనెక్షన్ పూల్ గురించి, అంటే డేటాబేస్ కనెక్షన్లని ముందే తెరిచి అడిగిన థ్రెడ్‌కల్లా ఇచ్చి వెనక్కి తీసుకునే చోటు గురించి, ఇక్కడినుంచే మొదలుపెడతాను. అక్కడ కూడా ఎన్ని పనులొచ్చాయన్నదే కాదు, తీసుకున్న కనెక్షన్ ఎంత త్వరగా వెనక్కి వస్తోందన్నదీ చూడాలి.

ఒక ఆర్థిక సంస్థ పని చూస్తున్న రోజులు. జీతాలు పడే రోజు ఉదయం తెరలన్నీ తిరుగుతూ ఉండిపోయాయి. సర్వర్ పడిపోలేదు. సీపీయూ ఖాళీ, మెమరీ బోలెడు. థ్రెడ్ డంప్ తీశాం. స్ప్రింగ్ బూట్‌తో వచ్చే టామ్‌క్యాట్‌లో మనం మార్చకపోతే 200 థ్రెడ్ల దాకా నడుస్తాయి. హికారీ పూల్‌లో 10 కనెక్షన్లే. అక్కడ రెండూ ఎవరూ మార్చలేదు. థ్రెడ్లు వరసగా కనెక్షన్ కోసమే నిలబడి ఉన్నాయి. మరి ఆ పదీ ఎక్కడ? ట్రాన్సాక్షన్ తెరిచి, ఖాతా రాసి, దాన్ని మూయకుండానే ఎస్సెమ్మెస్ పంపే బయటి సర్వర్‌ని పిలిచి, జవాబు కోసం కూర్చున్నాయి. ఆ రోజు ఆ సర్వర్ నెమ్మదించింది, అంతే.

"అన్నా, ఇంకో రెండు సర్వర్లు పెడదామా?"

"పెడితే ఇంకో ఇరవై కనెక్షన్లు ఆ ఎస్సెమ్మెస్ కోసమే కూర్చుంటాయి తమ్ముడూ. డేటాబేస్‌లో లాకులు కూడా పట్టుకునే కూర్చుంటాయి."

ముందు కమిట్ చేసి, ఎస్సెమ్మెస్‌ని మెసేజ్ క్యూలో వేశాం. పూల్ సైజు ముట్టుకోలేదు.

ఇలాంటి తప్పు ఎందుకు కంటపడదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1999 డిసెంబరులో జావా సర్వర్ ప్లాట్‌ఫాం జే2ఈఈ వచ్చినప్పుడు ఒక్క బీన్ కోసం హోమ్ ఇంటర్‌ఫేస్, రిమోట్ ఇంటర్‌ఫేస్, క్లాసు, పైన ఎక్స్‌ఎంఎల్ ఫైలు రాయాల్సి వచ్చేది. 2006లో దాని తర్వాతి రూపం జావా ఈఈ 5 ఆ చాకిరీ చాలామటుకు తీసేసింది. మంచి పని. ఇప్పుడు మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అని ఒక్క యానొటేషన్ పెడితే చాలు. అయితే ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కళ్లకి కనబడదు. అందుకే ప్లాట్‌ఫాం ఎంత మోస్తే, దాని లోపలి సంగతి మనకి అంత బాగా తెలిసుండాలని నేను గట్టిగా నమ్ముతాను.

2010లో సన్‌ని కొన్న ఒరాకిల్, 2017లో జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించింది. పేరు జకార్తా అయింది. 2020లో జకార్తా ఈఈ 9తో ప్యాకేజీల పేర్లూ జావాఎక్స్ నుంచి జకార్తాకి మారాయి. 2022లో స్ప్రింగ్ 6 కూడా అటే నడిచింది. ఏలూరులో ఇంటి నుంచి ఇప్పుడు నేను చేస్తున్నది ఈ మార్పిడి పనే. ఇంపోర్టు లైన్లు టూల్ మార్చేస్తుంది. జావాఎక్స్ అని కనబడ్డదల్లా మార్చకూడదు: కనెక్షన్లిచ్చే జావాఎక్స్ ఎస్‌క్యూఎల్ మూల జావాలోది, అలాగే ఉండాలి. ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో దాక్కున్న పాత పేర్లు చేత్తో వెతకాలి. ఎలాగూ అంత లోపలికి వెళ్తున్నారు కదా, ఏ ట్రాన్సాక్షన్ లోపలనుంచి బయటి సర్వర్‌కి పిలుపు వెళ్తోందో కూడా రాసుకు రమ్మని మా పిల్లలకి చెప్తున్నాను.