పాత బౌలరును విడువదగునా?

ఉప్పల్ క్రికెట్ మైదానము మా నాగోలునకు చేరువ. మా బడిపిల్లలకు వాదములకు కొదువలేదు. 2014 మొదలు సన్‌రైజర్సు పక్షమున నాడి, 2016, 2017 సంవత్సరముల ఐ.పి.ఎల్. పోటీలలో అందఱికంటె నెక్కువ వికెట్లు తీసిన భువనేశ్వర్ కుమార్‌ను 2024లో ఆ జట్టు నిలుపుకొనలేదు. ఐదుగురిని నిలుపుకొనుటకే 75 కోట్లు వెచ్చించెను. వేలమున ఆయనను బెంగళూరువారు 10.75 కోట్లకు గొనిరి.

“కృతజ్ఞతకై కోట్లు పోయుదురా? వయస్సు మీఱలేదా?” అని పిల్లలడిగిరి. కృతజ్ఞత మాట యటుండనిండు. అదే వేలమున మనవారు 10 కోట్లకు దెచ్చిన మహమ్మద్ షమీయు 1990లో బుట్టినవాడే. ఇందు వయోభేదమేది? మిగిలినది 75 లక్షలు. 2025లో బెంగళూరు కప్పు గెలిచెను. ఆ యేడే షమీని మనవారు లక్నోకు బంపిరి.

ఫలితము తెలిసిన పిమ్మట తీర్పు సులభమే. కాని పాతదగుటయే దోషము గాదు. పరీక్షించి విడుచుటయే సంస్కారమని పిల్లలకు జెప్పితిని.