ఫిల్ములో కనబడని పిక్క

మాది పాడేరు కొండల్లో కువి మాట్లాడే ఊరు. బడిలో కువి మాట్లాడితే తోటి పిల్లలు నవ్వేవారు. సిగ్గుపడి మానేశాను. తర్వాత ఎక్స్‌రే తీసే కోర్సు చదివి ఒక ఆసుపత్రిలో చేరాను. ఇక నా భాషతో పనేముంది అనుకున్నాను.

గొంతు ఫిల్ము చూడడం నాకిష్టం. అందులో గాలి నల్లగా, కండ బూడిదరంగులో కనబడుతుంది. శ్వాసనాళం మీద మూతలా ఉండే కండ వాస్తే, పక్కనుంచి తీసిన ఫిల్ములో బొటనవేలంత లావుగా ఉంటుంది. కుక్క మొరిగినట్టు దగ్గే పిల్లల్లో స్వరపేటిక కింద దారి చర్చి శిఖరంలా మొనదేలుతుంది. మింగిన రూపాయి బిళ్ల తెల్లగా మెరుస్తుంది. అన్నీ కనబడతాయనే గర్వం నాది.

ఒక సంతరోజు సాయంత్రం 2 ఏళ్ల బాబును తెచ్చారు. ఊపిరి తీస్తుంటే ఈలలా చప్పుడు. తండ్రి వచ్చీరాని తెలుగులో "దగ్గు" అన్నాడు. మెడ, ఛాతీ ఫిల్ములు తీశాను. శుభ్రంగా ఉన్నాయి. "ఏమీ లేదు సార్" అన్నాను. డాక్టరుగారు దగ్గుమందు రాస్తున్నారు.

బయట బల్లమీద తల్లి తన అత్తతో కువిలో అంటోంది: "సంతలో వేరుశనగ పిక్కలు తింటూ నవ్వాడు. ఒక్కసారిగా పొలమారింది. అప్పటినుంచే ఇలా."

నా గుండె జారిపోయింది. వేరుశనగ పిక్క ఎక్స్‌రేలో కనబడదు. ఆ సంగతి చదువుకున్నాను. కానీ ఆ తల్లిని ఒక్క మాట అడగలేదు.

పరుగున వెళ్లి డాక్టరుగారికి చెప్పాను. "పక్కకు పడుకోబెట్టి మళ్లీ తియ్యి" అన్నారు. అలా పడుకుంటే కిందవైపు ఊపిరితిత్తి గాలి వదిలి కుంచించుకోవాలి. బాబును కుడిపక్కకు పడుకోబెట్టినా కుడి ఊపిరితిత్తి నల్లగా ఉబ్బే ఉంది. లోపలికి పోయిన గాలి బయటికి రావడం లేదు. పిక్క కనబడలేదు, అది చేస్తున్న పని కనబడింది.

108లో విశాఖ పంపారు. అక్కడ మత్తు ఇచ్చి, నోటిగుండా గొట్టం దించి పిక్క తీశారు. బాబు బతికాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 4 ఏళ్లలోపు పిల్లలకు వేరుశనగ పిక్కలు పెట్టకండి. ఊపిరాడక ముందుకు వంగి, చొంగ కారుస్తున్న బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టకండి. ఒళ్లో కూర్చోబెట్టుకునే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటి బిడ్డకు ముందు ఊపిరి నిలపాలి, ఫిల్ము తర్వాత.

మాస్టార్లకు ఒక మనవి. పిల్లలు ఇంటిభాష మాట్లాడితే నవ్వనివ్వకండి. ఆరోజు నాకు కువి అర్థం కాకపోయి ఉంటే ఆ బాబు దగ్గుమందుతో ఇంటికి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు మెషిన్ ఆన్ చేసేముందు తల్లినే అడుగుతాను, కువిలో: "అమ్మా, బిడ్డ ఏం తింటున్నాడు? ఎప్పుడు పొలమారింది?"