పావుతక్కువ ఎనిమిది

గడియారం చూడడం ఒకసారి వచ్చిందంటే మళ్ళీ జన్మలో నేర్చుకోనక్కర లేదని మనందరి నమ్మకం. ఆ నమ్మకం నా విషయంలో నిలవలేదు. తెలుగు ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెబుతున్న నేను, నలభై దాటాక, గంట ఎంతయిందో చెప్పడం ఓనమాల నుంచి మొదలుపెట్టాను. అదీ పరాసు భాషలో! ఫ్రెంచివారిని మన పెద్దలు పరాసులనేవారు లెండి.

కథేమిటంటే, మా అమ్మాయి పైచదువుకు ఫ్రాన్సు వెళ్ళడం నిశ్చయమయింది. వెళ్ళేలోపల ఆ భాషలో ఒక పరీక్ష గట్టెక్కాలి. తోడు చదివేవారుంటే బాగుండునంది. నేను రోజూ హిందూపురంలో రైలెక్కి ధర్మవరం కాలేజీకి వెళ్ళి వస్తాను గనక, నాకు కావలసినంత తీరిక ఉందని మా ఆవిడ తీర్పు చెప్పింది. అప్పీలు లేదు.

మొదట సాఫీగానే సాగింది. ఏడు గంటలు ‘సెతర్’. ఏడుంబావు ‘సెతర్ ఎ కార్’, అంటే ఏడు గంటలూ పావూ. ఏడున్నర ‘సెతర్ ఎ దెమీ’, ఏడు గంటలూ సగమూ. ఏడూ నలభై అయిదు దగ్గర బండి ఆగింది. దాన్ని ‘ఉయితర్ మ్వఁ ల కార్’ అనాలట. ఎనిమిది గంటలు, అందులో పావు తక్కువ.

“ఇంకా ఎనిమిది కాకముందే ఎనిమిది ఎందుకంటారు నాన్నా?” అని మా అమ్మాయి విసుక్కుంది. ఫోనులో అంకెలు చూసి ‘సెవెన్ ఫార్టీఫైవ్’ అనడం అలవాటయిన పిల్ల.

వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే, “పావుతక్కువ ఎనిమిది అనేదానికి ఇంత గోలెందుకే?” అంది.

పిల్ల అవ్వ వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లో వింటున్న మాటే. చెవిన పడిందే గాని, ఏనాడూ విడదీసి చూసుకోలేదు. పరాసువాడు వచ్చి చెబితే గాని అవ్వ మాట అర్థం కాలేదు.

మా హిందూపురం బజారులో మూడు భాషలు వినిపిస్తాయి. అదే సమయాన్ని కన్నడం మాట్లాడేవారు ‘ఏళూ ముక్కాలు’ అంటారు, ఏడూ ముప్పావు అని. ఉర్దూ వారు ‘పౌనే ఆఠ్’ అంటారు, అది పావుతక్కువ ఎనిమిదే. ఒకరు గడచినదాన్ని లెక్కపెడతారు, ఇంకొకరు రాబోయేదాని కోసం ఎదురుచూస్తారు. ఫ్రెంచివారు మా అమ్మ పక్షం.

ఇక నా వృత్తి నన్ను ఊరుకోనిస్తుందా? వారి భాషలో తొమ్మిది ‘నఫ్’, గంటలు ‘అర్’. రెండూ కలిస్తే ‘నఫర్’ కాదు, ‘నవర్’. మన సరళాదేశం వంటిదే గదా! రెండు ‘దు’. అదీ ‘అర్’ కలిస్తే ‘దుజర్’. మామూలుగా పలకకుండా దాగి ఉన్న హల్లు, అచ్చు ఎదురవగానే మన ద్రుతం లాగా బయటికి వస్తుంది. మనం అచ్చులోంచి తీసేసిన అరసున్న వారి ‘మ్వఁ’లో హాయిగా ముక్కుతో పలుకుతోంది. అన్నిటికంటె వింత, ఆ ‘అర్’కు మూలం గ్రీకువారి ‘హోరా’. మన పంచాంగంలోని హోర కూడా అక్కడి నుంచి వచ్చిందే. ‘అహోరాత్ర’ శబ్దానికి ముందూ వెనకా అక్షరాలు పోయి హోర అయిందని కొందరంటారని 6వ శతాబ్దపు వరాహమిహిరుడు రాశాడు గాని, భాషా చరిత్రకారులు గ్రీకు మూలమే చెబుతారు.

రైల్లో నా సాధన సాగేది. ఫ్రెంచివారికీ రెండు లెక్కలున్నాయి. ఇంట్లో పావులూ సగాలూ, రైళ్ళకు 24 గంటలు. రెండో లెక్కలో పావులు చెల్లవు. 15.15ను ‘కఁజర్ కఁజ్’, పదిహేను గంటల పదిహేను అనాలి. మనమూ రైలు పదిహేనుంబావుకు వస్తుందనం గదా! పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కొరియావారి కియా కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. కొరియావారు గంటలను తమ సొంత అంకెలతోనూ, నిమిషాలను చైనా నుంచి వచ్చిన అంకెలతోనూ చెబుతారు. ‘ఏడు గంటల ఫార్టీఫైవ్’ అనే మన పిల్లలు గుర్తొచ్చి పెనుకొండ స్టేషనులో నాలో నేనే నవ్వుకున్నాను.

ఫ్రాన్సులో విప్లవ ప్రభుత్వం 1793లో రోజుకు పది గంటలు, గంటకు నూరు నిమిషాలు అని శాసించింది. 1795లో ఆ నిర్బంధం వదులుకుంది. రాజును దింపగలిగినవారు పావుతక్కువను దింపలేకపోయారు!

అమ్మాయి పరీక్ష నెగ్గింది. ప్రయాణం ముందు రాత్రి మా అమ్మ నన్ను పిలిచి, “అది తిరిగొచ్చేసరికి నేనుంటానో లేదో. ఉన్నా, దానికి నా మాట తెలుస్తుందా?” అంది. డెబ్భై దాటిన మనిషి. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఫ్రాన్సు మనకంటె చలికాలంలో నాలుగున్నర గంటలు, మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా మూడున్నర గంటలు వెనక. ఏడాదికి రెండుసార్లు గడియారం జరుపుతారంటే, “గడియారం జరిపితే పొద్దు జరుగుతుందా?” అని మా అమ్మ నవ్వింది. అయినా లెక్క పట్టుకుంది. వేసవిలో రాత్రి పావుతక్కువ తొమ్మిదికి ఫోను ముందు కూర్చునేది. అవతల నుంచి పిల్ల, “అవ్వా, ఇక్కడ అయిదుంబావు!” అనేది. సెవెన్ ఫార్టీఫైవ్ పిల్ల! “ఎండ ఉందా తల్లీ ఇంకా?” అని ఈవిడ అడిగేది. ఆ రాత్రి నేను చెప్పలేని జవాబు పిల్లే చెప్పింది.

ఇప్పుడు తరగతిలో ద్రుతం చెప్పేటప్పుడు ‘దుజర్’ కూడా చెబుతున్నాను. పిల్లలు నవ్వుతారు గాని, సంధి మరచిపోవడం లేదు. మీరూ ఇవాళ మీ పిల్లలను పావుతక్కువ ఎనిమిదంటే ఎంతో అడిగి చూడండి. తెలియదంటే కోప్పడకండి. ఇంట్లో అవ్వ ఉంటే ఆమె దగ్గరికి పంపండి.