ఆ 'టక్' శబ్దం వెనుక

చలికాలం ఉదయం. మయూర్ విహార్‌లోని అద్దె ఇంట్లో సాక్సు తొడుక్కుందామని వంగినవాణ్ణి మళ్లీ లేవలేకపోయాను. నడుం పట్టేసింది. అంతకుముందు వారమంతా ఎన్నికల వార్తల కోసం పశ్చిమ ఉత్తరప్రదేశ్ రోడ్ల మీద జీపులో తిరిగిన ఫలితం కావచ్చు. పదేళ్లుగా ల్యాప్‌టాప్ ముందు గూనిగా కూర్చున్న పాపమూ కావచ్చు. ఎముకల డాక్టర్ పరీక్షించి భయపడాల్సిందేమీ లేదన్నారు. మంచానికి అతుక్కుపోకుండా నడుస్తూ ఉండమని చెప్పి మాత్రలు రాశారు. మూడు వారాలు గడిచినా కుర్చీలో గంటసేపు కూర్చోలేకపోయాను.

ఆఫీసులో సలహాలకు కొదవ లేదు. ఒకరు పాత ఢిల్లీలో ఎముకలు సర్దే పహిల్వాన్ దగ్గరకు పొమ్మన్నారు. ఎక్కువమంది మాత్రం కైరోప్రాక్టిక్ అన్నారు. ఫోన్లో వీడియోలూ చూపించారు. మెడ తిప్పగానే టక్‌మని చప్పుడు, ఆ వెంటనే రోగి ముఖంలో వెలుగు.

గురుగ్రామ్‌లో నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో నడుం మీద చెయ్యి వేయకముందే ప్యాకేజీ చెప్పారు. ముప్ఫై సిట్టింగులు, డబ్బు ముందే కట్టాలి. వెన్ను సర్దితే బీపీ, షుగర్ కూడా దారికొస్తాయట. ఆ మాటతోనే లేచి వచ్చేశాను.

నిజానికి ఈ వైద్యం పుట్టుకలోనే అతిశయోక్తి ఉంది. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన ఒక చెవిటి పనివాడి వెన్ను సర్ది వినికిడి రప్పించానని ప్రకటించారు. రోగాల్లో అధికభాగానికి వెన్నుపూసలు తప్పడమే మూలమన్నది ఆయన సిద్ధాంతం. ఆధునిక వైద్యం దాన్ని ఒప్పుకోలేదు. పసిపిల్లల ఉబ్బసం, చెవిపోటు వంటివాటికీ ఈ చికిత్స పనిచేస్తుందన్న ప్రచారాన్ని 2008లో రచయిత సైమన్ సింగ్ గార్డియన్ పత్రికలో తప్పుబట్టారు. బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ ఆయనపై పరువునష్టం దావా వేసి, 2010లో ఉపసంహరించుకుంది.

అయితే నడుం నొప్పి సంగతి వేరు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో, మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో కాపడం, మర్దనలతో పాటు వెన్ను సర్దడాన్నీ చేర్చింది. దీర్ఘకాలిక నడుం నొప్పిపై 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ దానికి చోటుంది. అద్భుతాలేమీ జరగవు. కొంత ఉపశమనం, కాస్త సులువుగా కదలగలగడం, అంతే.

పొలిటికల్ సైన్స్ చదివినందువల్ల ఏ వ్యవస్థను చూసినా దీన్ని అదుపు చేసేదెవరన్న ప్రశ్నే ముందు వస్తుంది. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లకు చట్టబద్ధమైన కౌన్సిల్ ఉంది. అమెరికాలో రాష్ట్రాలు లైసెన్సులిస్తాయి. మన దగ్గర వారికంటూ అలాంటి ప్రత్యేక కౌన్సిల్ లేదు. అందువల్ల ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని అడిగి తెలుసుకోవలసిన బాధ్యత రోగి మీదే పడుతోంది.

అలా అడిగే నోయిడాలో ఒకాయన దగ్గరకు వెళ్లాను. విదేశంలో చదివి వచ్చారు. మొదటి అరగంట ఆయన అడిగినవన్నీ ప్రశ్నలే. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? మూత్రం ఆపుకోలేకపోతున్నారా? జ్వరం ఉందా, బరువు తగ్గారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టర్ దగ్గరకే పంపిస్తానన్నారు. తర్వాత బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, మోకాలు మడిచి, ఒక్క కుదుపు. టక్‌మంది. అది ఎముక జరిగిన చప్పుడు కాదట. కీలులోని ద్రవంలో ఒత్తిడి తగ్గి వాయువుతో ఖాళీ ఏర్పడినప్పటి శబ్దమట. మర్నాడంతా ఒళ్లు నొప్పులుంటాయని చెప్పారు, ఉన్నాయి. నాలుగు సిట్టింగుల తర్వాత గంటన్నర కూర్చోగలిగాను. వాటంతటవే తగ్గిపోయే నడుం నొప్పులు చాలా ఉంటాయని తెలుసు కనుక, ఘనత మొత్తం ఆయనదే అనను. ఇంటి దగ్గర చేయమని నేర్పిన వ్యాయామాలకూ వాటా ఉంది.

ఈ కబురు ఫోన్లో విన్న నాన్న తెనాలి నుంచి ఢిల్లీ వచ్చేశారు. "ఒరే, నా మెడకీ ఆ టక్ చేయించరా" అన్నారు. ఏడాదిగా మెడనొప్పి. నేనూ ఉత్సాహంగానే తీసుకెళ్లాను. కైరోప్రాక్టర్ ఆయన్ను చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టుకోమన్నారు. నాన్న వేళ్లు తడబడ్డాయి. నాలుగడుగులు నడవమంటే గోడ పట్టుకున్నారు. ఆయన మెడ మీద చెయ్యి వేయలేదు, ఫీజు తీసుకోలేదు. "ఈ మెడను ఎవరూ తిప్పకూడదు. ముందు ఎంఆర్ఐ తీయించండి" అన్నారు. మెడ దగ్గర వెన్నుపాము నలుగుతోందని అందులో తేలింది.

మెడ తిప్పుడు ఆటకాదు. మెదడుకు రక్తం అందించే ధమని చీలి పక్షవాతం రావడం అరుదే కానీ, వచ్చిన సందర్భాలున్నాయి. 2017లో ఎన్‌సీఆర్‌లోనే ఒక క్షురకుడు మసాజ్ చేసి మెడ విరిస్తే, ఊపిరి ఆడించే డయాఫ్రం నరం దెబ్బతిని ఒక వ్యక్తి ఆస్పత్రి పాలయ్యాడు.

నాన్నకు ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు గుండీలు తనే పెట్టుకుంటున్నారు, కాస్త ఆలస్యంగా. కైరోప్రాక్టిక్ మంచిదేనా అని ఎవరైనా అడిగితే నా నడుం సంగతి చెబుతాను. ఆ వెంటనే, నాన్న మెడను ముట్టుకోని మనిషి గురించీ చెబుతాను.