అడవికి భయపడి నీటిని నమ్ముతున్నాం

పోర్ట్‌లాండ్ నుంచి కొలంబియా నది వెంట తూర్పుగా 40 మైళ్లు వెళ్తే ఈగిల్ క్రీక్ దారి మొదలవుతుంది. 1910లలో కొండచరియను తొలిచి వేసిన కాలిబాట అది. ఒక పక్క నల్లటి బసాల్ట్ రాతిగోడ, మరో పక్క ఎక్కడో లోతున వాగు. దారి మరీ ఇరుకైన చోట పట్టుకోవడానికి రాతికి ఇనుపతాడు బిగించి ఉంటుంది. రెండు మైళ్లు నడిస్తే పంచ్ బౌల్ జలపాతం. ఆరు మైళ్లు నడిస్తే టన్నెల్ ఫాల్స్. అక్కడ బాట జలధార వెనకగా, రాతిలో తొలిచిన సొరంగంలోంచి సాగుతుంది. 2017 సెప్టెంబరులో ఓ కుర్రాడు విసిరిన టపాసు వల్ల ఈ లోయలో దాదాపు 50 వేల ఎకరాలు తగలబడ్డాయి. 2021లో దారి మళ్లీ తెరిచారు. మాడిన డగ్లస్ ఫర్ మానుల కింద ఫెర్న్‌లు, నాచు తిరిగి కమ్ముకుంటున్నాయి. ఇలాంటి దారికి బయల్దేరే ముందు మనవాళ్లు సాధారణంగా అడిగేది ఎలుగుబంటి గురించే. తర్వాత పాములు, దారి తప్పడం. నీటి గురించి అడిగేవాళ్లు తక్కువ. మన భయం వేరే చోటికి వెళ్తోంది, ఆ పొరపాటుకు మన పిల్లలు ప్రాణాలతో మూల్యం చెల్లిస్తున్నారు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

లెక్కలు చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. ఉత్తర అమెరికా మొత్తం మీద నల్ల ఎలుగుబంటి దాడిలో చనిపోయేవాళ్లు సగటున ఏడాదికి ఒక్కరు కూడా ఉండరు. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో ప్రమాద మరణాలకు ప్రధాన కారణాలు మూడు: వాహన ప్రమాదాలు, నీట మునగడం, ఎత్తు నుంచి పడిపోవడం. మన వరకే చూసుకున్నా బాధ కలిగించే జాబితా ఉంది. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు మునిగిపోయారు. మరుసటి నెల మే 8న అరిజోనాలోని ఫాసిల్ క్రీక్ జలపాతం దగ్గర మరో ఇద్దరు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయను, ఆ తల్లిదండ్రుల దుఃఖం వాళ్లది. అంతకు పదేళ్ల ముందు, 2014 జూన్ 8న హిమాచల్‌లోని తలౌట్ వద్ద బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలేదాకా అక్కడ రాళ్ల మధ్య నిలబడడానికి జాగా ఉంది.

నీటిని మనం ఇంతగా ఎందుకు నమ్ముతాం? మన జలపాతాలు మనకు నేర్పినది అదే కాబట్టి అని నాకనిపిస్తుంది. తలకోనకు గాని, కైలాసకోనకు గాని వెళ్లేది ధార కింద నిలబడి తడవడానికే. పాపవినాశనంలో అది పుణ్యం కూడా. నీటి దాకా వెళ్లి ముట్టుకోకుండా తిరిగి రావడం మనకు అలవాటు లేని పని. కానీ ఆ అలవాటు వెచ్చని నీటి దగ్గర పుట్టింది. మంచు కరిగి వచ్చే నీరు వేరు. 15 డిగ్రీల కంటే చల్లని నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి మన చేతిలో ఉండదు, నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ క్షణాన తల నీటి అడుగున ఉంటే అంతే. చలినీటిపై పరిశోధించిన మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే కొలత ప్రకారం ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే శరీరం గడ్డకట్టక ముందే కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మంచు కరిగి పారే వాగుల్లో ఎండ ఎక్కువైన రోజునే నీరు ఎక్కువవుతుంది. పొద్దున అడుగులు వేసుకుంటూ దాటిన చోట సాయంత్రానికి దాటలేకపోవచ్చు. సెమిస్టర్ అయిపోయి పిల్లలు విహారానికి బయల్దేరే మే నెలలోనే కరుగు నీరు ఉద్ధృతంగా ఉంటుంది.

చలి ఒక్కటే శత్రువనుకుంటే పొరపాటు. ఫాసిల్ క్రీక్ ఊటనీరు ఏడాది పొడుగునా దాదాపు 21 డిగ్రీలు ఉంటుంది. ఏ జలపాతం కిందయినా నీటిలో గాలి బుడగలు దట్టంగా కలిసి ఉంటాయి. తెల్లగా నురగలు కక్కే ఆ నీరు మనిషిని తేల్చదు. పై నుంచి పడే ధార నీటిని అడుగుకు తొక్కి, మళ్లీ ధార వైపే లాక్కొస్తుంది. చుట్టూ పాచి పట్టిన బండలు. ‘నాకు ఈత వచ్చు’ అనే మాటకు ఇక్కడే బలం తగ్గుతుంది. అడుగు కనిపించే, కదలని, వెచ్చని కొలనులో నేర్చిన ఈత ఈ మూడూ లేని చోట ఎంతవరకు అక్కరకొస్తుంది? మరి పంచ్ బౌల్ దగ్గర స్థానిక కుర్రాళ్లు దూకుతారు కదా అనవచ్చు. దూకుతారు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లలో పెరిగినవాళ్లు చాలామంది. అయినా అక్కడ దూకి చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఒకడు దూకి నవ్వుతూ పైకి రావడం ఆ ఒక్క దూకుడికే సాక్ష్యం.

ప్రమాదమని తెలిసినప్పుడు ప్రభుత్వమే కంచె వేయాలి కదా అనేవాళ్లకు యోసెమిటీ సంగతి చెప్పాలి. అక్కడి వెర్నల్ ఫాల్ 317 అడుగుల ఎత్తు, పైన కమ్మీలున్నాయి, హెచ్చరికలున్నాయి. 2011 జూలైలో ముగ్గురు ఆ కమ్మీ దాటి నీటిలోకి వెళ్లి జలపాతం మీదుగా కొట్టుకుపోయారు. పైగా ఈగిల్ క్రీక్ లాంటి దారుల అందమే వాటిని సాధ్యమైనంత వరకు వాటి మానాన వదిలేయడంలో ఉంది. ప్రతి మడుగుకూ ఇనుపకంచె ఉండాలని నేను కోరను. కంచె లేని చోట జాగ్రత్త మనమే పడాలి, ఎందుకంటే ఆ లోయలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. సాయం కావాలంటే ఎవరో ఒకరు పరుగెత్తుకుంటూ దారి మొదటికి రావాలి. ఆ తర్వాత వచ్చే రక్షణ బృందంలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. హుడ్ రివర్‌లో 1926లో మొదలైన క్రాగ్ ర్యాట్స్ అలాంటి దళమే.

ఇలా భయపెడితే చదువు, అప్పు, ఉద్యోగం బెంగలతో నలిగిపోతున్న పిల్లలు ఉన్న ఒక్క ఊరటనూ మానుకుంటారని కొందరి అభ్యంతరం. ఆ బాధ నిజమే. అందుకే వెళ్లొద్దని అనడం లేదు, ఇంకా దూరం నడవమంటున్నాను. మడుగు దగ్గర ఆగిపోయినవాళ్లకు టన్నెల్ ఫాల్స్ కనిపించదు. ఆ వాగులో డిప్పర్ అనే చిన్న బూడిదరంగు పిట్ట ఉంటుంది. అది నీటి అడుగున నడుస్తూ పురుగులను ఏరుకుంటుంది, జలపాతం పక్కన తడి రాళ్లలో గూడు కట్టుకుంటుంది. ఒడ్డున బండ మీద కదలకుండా కూర్చున్నవాళ్లకే అది కనిపిస్తుంది. అడవిలో ప్రమాదం లేదనడం లేదు. చరియ అంచున సెల్ఫీ కోసం వెనక్కి నడవడం నీటిలో దిగడమంత ప్రమాదమే. కాలిన చెట్లు గాలికి కూలతాయి. కానీ దారి మీదే నడిచేవాళ్లను అడవి చాలావరకు క్షేమంగానే పంపుతుంది.

ఏటా ఆగస్టులో కొత్త విద్యార్థులు దిగుతారు. తెలుగు సంఘాలూ, విశ్వవిద్యాలయాల్లోని సీనియర్లూ వాళ్లకు బ్యాంకు ఖాతా, ఫోను, అద్దె ఒప్పందం గురించి ఓపికగా చెప్తారు. ఆ మాటల్లోనే ఇదీ ఒకటి చేర్చండి: జలపాతం దగ్గర నీటిలో దిగవద్దు, ఎవరైనా పడితే వెంట దూకవద్దు, తాడో కొమ్మో అందించండి. ఊళ్లో వైఎంసీఏ గానీ విశ్వవిద్యాలయ ఈతకొలను గానీ ఉంటే మొదటి సెమిస్టర్‌లోనే ఈత తరగతిలో చేర్పించండి. ఇంటి నుంచి వీడియో కాల్ చేసే అమ్మానాన్నలూ, ఈసారి ఎలుగుబంటి సంగతి వదిలేసి నీటి సంగతి అడగండి.