దాదా దారం కట్టిన చిప్పలు

మొన్న ఏలూరులో ఇల్లు మారుతుంటే దాదీ పాన్‌దాన్ బయటపడింది. అందులో, చూనా గిన్నె పక్కన, నల్లదారంతో కట్టిన రెండు చిప్పలు. చూడగానే నా గుండె కలుక్కుమంది.

మా దాదా ఆకివీడు వైపు బావులు తవ్వే పనికి వెళ్లేవారు. ఓసారి రెండు నిలువుల లోతున, నల్లటి బురదలోంచి దీన్ని తెచ్చారు. "ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేది బేటా" అన్నారు. నేనప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంటర్ బైపీసీ. "ఇది కొల్లేటి ఆల్చిప్ప దాదా! సముద్రమెక్కడ, మనమెక్కడ?" అని అందరి ముందూ నవ్వేశాను. ఆయన మారు మాట్లాడలేదు. చిప్పలు విడిపోకుండా దారం చుట్టి దాదీకి ఇచ్చారు. దాదా ఇంతెఖాల్ అయ్యి ఇరవై ఏళ్లు దాటింది.

ఈసారి పక్కన నిజంగానే ఒక కొల్లేటి ఆల్చిప్పను పెట్టుకుని చూశాను. అది పొడుగ్గా, పల్చగా, పైన నున్నగా ముదురు గోధుమరంగులో ఉంది. లోపల ముత్యంలా మెరుస్తోంది. దాదా చిప్ప మందంగా, ఉబ్బెత్తుగా ఉంది. పైన దున్నిన చేలో చాళ్లలా పద్దెనిమిది గట్లు, వాటి మీద చిన్న చిన్న బుడిపెలు. లోపల మెరుపు లేదు, పింగాణీ తెలుపు. రెండు చిప్పలూ కలిసే తిన్నటి అంచు మీద దువ్వెన పళ్లలా ఒక వరుస.

పోల్చుకోవడానికి ఆ పళ్లు చాలు. అది బ్లడ్ క్లామ్. శాస్త్రంలో పేరు టెగిల్లార్కా గ్రానోసా. మన ఖూన్‌లో ఉండే హిమోగ్లోబినే దానిలోనూ ఉంటుంది, అందుకే మాంసం ఎర్రగా ఉంటుంది. నీళ్లు పీల్చే పొడవాటి గొట్టాలు లేవు కాబట్టి బురదలో పైపైనే దాగుతుంది. ఇప్పటికీ కాకినాడ అఖాతంలో, ఆటుపోట్లు తగిలే బురదలో బతుకుతోంది. మంచినీటి చెరువులో బతకదు.

అయినా ఒక షక్ మిగిలింది. సున్నం కాల్చడానికి ఎవరో తెచ్చి పారేసిందేమో? దారం విప్పాను. పన్నులో పన్ను సరిగ్గా కూర్చుంది. వేరే చిప్పయితే అలా కుదరదు. చచ్చిన గుల్లను అలలు దొర్లిస్తే రెండు చిప్పలూ విడిపోతాయి. జతగా, మూసుకుని, అంత లోతు బురదలో దొరికిందంటే అది అక్కడే బతికి అక్కడే చనిపోయింది. దాదా దారం కట్టింది అందుకే!

సుమారు 6,000 ఏళ్ల క్రితం సముద్రపు ఒడ్డు కొల్లేరు దాకా ఉండేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. తరవాత కృష్ణా, గోదావరి తెచ్చిన ఒండ్రు ఒడ్డును దూరంగా నెట్టింది. ఉప్పుటేరు ఒక్కటే ఇప్పటికీ కొల్లేటిని సముద్రంతో కలుపుతోంది. దాదా ఆ కితాబులేవీ చదవలేదు. ఆయన చేతిలో ఉన్నది గునపం.

జుమా తరవాత ఖబరస్తాన్‌కి వెళ్లి ఫాతిహా చదివాను. మాఫీ అడిగాను.

ఇంటికొచ్చి దారం మళ్లీ కట్టి, నా కూతురికి సంగతి చెప్పాను. "కొల్లేటి దగ్గర సముద్రమా?" అని పకపకా నవ్వింది. అచ్చం నాలాగే.

చిప్పలు దాని చేతికిచ్చి, దారం విప్పమన్నాను.